కొండాపూర్‌లో నాకొక చిన్నాయన

మొన్న ఒక సభకని హైదరాబాదు వెళ్ళి కొండాపూర్‌లో నాలుగు రోజులున్నాను. వాళ్ళు నాకిచ్చింది హోటలు గది కాదు, ఫ్లాటు. ఎక్కడో పైన, మేఘాలకి పక్కింట్లో. దానికి తాళంచెవి కూడా లేదు. ఫోనుకి ఒక నంబరు వచ్చింది, తలుపు మీద అది నొక్కితే తెరుచుకుంది. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, నీళ్ళ సీసాలు, సబ్బు, అన్నీ అమర్చి ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. వచ్చిన రోజు నుంచి వెళ్ళిన రోజు దాకా ఆ ఇంటి యజమాని ఆడో మగో కూడా నాకు తెలియలేదు. నువ్వెవరు, ఎక్కడిదానివి, పెళ్ళయిందా, ఒక్కదానివే ఉంటావా, నీచు తింటావా అని ఒక్కరూ అడగలేదు. నిజానికి నాకు హాయిగా ఉండాలి. పాతికేళ్ళ కిందట ఇదే కొండాపూర్‌లో సరిగ్గా ఆ ప్రశ్నలకే కదా నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. కానీ మొదటి సాయంత్రం బాల్కనీలో నిలబడి కింద బారులు తీరిన కార్లని చూస్తుంటే, ఎవరైనా వచ్చి ఏదో ఒకటి అడిగితే బాగుండునని అనిపించింది. మనిషికి దేంతోనూ తృప్తి ఉండదు, ఏం చేస్తాం.

నా సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. నేను పుట్టిపెరిగింది మలేసియాలో, ఒక రబ్బరు తోటలో. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఆ తోటలో పనికొచ్చాడు. ఆయన ఏ ఊరివాడో మాకు తెలియదు. ఆయన చెప్పలేదు, తర్వాతివాళ్ళు అడగలేదు. తోటలో కూలివాళ్ళ ఇళ్ళు వరసగా ఉండేవి, వాటిని లైన్లు అనేవారు. మాది తెలుగు లైను. మా మామ్మ తెల్లవారకుండానే లేచి, తలకి గుడ్డ చుట్టుకుని రబ్బరు చెట్లు గీయడానికి వెళ్ళేది, ఎండెక్కే వేళకి పాలబాల్చీలతో తిరిగొచ్చేది. ఆవిడ చీరనీ చేతులనీ వదలని రబ్బరు పాల పుల్లటి వాసన ఒకటుండేది. ఆ వాసనలో కూర్చునే నాకు అక్షరాలు దిద్దించింది. లైను దాటి నాలుగడుగులేస్తే తెలుగు ఎవరికీ అర్థమయ్యేది కాదు. దుకాణంలో చైనా భాష, బస్సులో మలయ్, బడిలో ఇంగ్లీషు, గుడిలో తమిళం. అందుకని చిన్నప్పుడు నాకొక పిచ్చి ఊహ ఉండేది. ఎక్కడో ఒక ఊరుంటుంది, అక్కడ బస్సు కండక్టరు తెలుగులోనే తిడతాడు, పోలీసు తెలుగులోనే అదిలిస్తాడు, తాగుబోతు కూడా తెలుగులోనే తూలుతూ పాడతాడు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు తీసుకుని, కిటికీ తెరిచి, వీధి మాటలు వింటూ కూర్చోవాలి. నా జీవితాశయం అంతే. పెద్ద చదువులు చదివిన తర్వాత కూడా అది నన్ను వదల్లేదు.

అందుకే మా కంపెనీవాళ్ళు హైదరాబాదులో కొత్తగా తెరిచిన ఆఫీసుకి ఎవరైనా వెళ్తారా అని అడిగితే అందరికన్నా ముందు చెయ్యెత్తాను. బండరాళ్ళ గుట్టల మధ్య ఆ గుండ్రటి అద్దాల భవనం అప్పుడప్పుడే లేచిన రోజులవి. దాని కిటికీలోంచి చూస్తే ఒక పక్క సిమెంటు లారీలు, ఇంకో పక్క గొర్రెల మంద కనబడేవి. కంపెనీ మమ్మల్ని మాదాపూర్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దింపింది. త్వరలో దాన్ని వదిలేస్తాం, ఈలోగా ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవాలి, దొరకనివాళ్ళు తిరుగు టికెట్టు తీసుకోవచ్చు అని మొదటిరోజే చెప్పారు. నాతో వచ్చిన ఇద్దరు చైనా కుర్రాళ్ళు వారం తిరక్కుండానే ఆ టికెట్టు అడిగారు. నేను మాత్రం నవ్వుకున్నాను. నాకేం ఇబ్బంది, నేను తెలుగుదాన్ని కదా.

ఆ ధీమా ఎంతోకాలం నిలవలేదు. మొదట నా పేరు దగ్గరే తేడా వచ్చింది. నా పేరు సింహాచలం. మా తోటలో ప్రతి లైనుకీ ఒక సింహాచలం, ఇద్దరు అప్పలసాములు ఉండేవారు, దానిలో వింతేమీ లేదు. ఆఫీసులో నా పేరు విన్న పిల్లలు పెదవులు బిగబట్టారు. నోరు తెరిచి "ఏటండి" అన్నానంటే ఇంక ఆపుకోలేకపోయేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒకమ్మాయి ఎంతో ప్రేమగా నా చెయ్యి పట్టుకుని, "మీ తెలుగు భలే క్యూట్‌గా ఉందండీ, సినిమాల్లో కామెడీవాళ్ళలా" అంది. ఆ తర్వాత నేను వాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడాను. తెలుగు దేశానికొచ్చి తెలుగు మానేసినదాన్ని నేనే అయ్యుంటాను.

ఇక ఇళ్ళ వేట. మొదట మూసాపేటలో ఒక కోస్తా పెద్దాయన ఇల్లు చూశాను. ఎంతో మర్యాదస్తుడు, ప్రతి మాటకీ అండీ. కుర్చీ వేశారు, మజ్జిగిచ్చారు, వంటగదిలో అలమరా తలుపులు తెరిచి చూపించారు. ఆఖర్న గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి, ఇంతకీ మీరేమిట్లండీ?" అన్నారు. కులం అడుగుతున్నారని నాకు అర్థమైంది. అర్థమైతే మాత్రం ఏం లాభం, జవాబు నా దగ్గర ఉంటే కదా. తోటలో కొత్తవాళ్ళెవరైనా వస్తే మీదే లైను అని అడిగేవాళ్ళం, అంతకుమించి ఎవరికీ పనిలేదు. నాకు తెలియదండీ అన్నాను. ఆయన నవ్వి, "పోనీ ఇంటిపేరు చెప్పండి" అన్నారు. అదీ లేదు. మా దేశపు పాస్‌పోర్టుల్లో ఫలానావారి కూతురు ఫలానా అని మాత్రమే ఉంటుంది. చూపించాను. ఆయన దాన్ని తిరగేసి మరగేసి చూసి, "కులం తెలియనివాళ్ళుంటారటండీ? దాస్తున్నారంటే ఏదో ఉండే ఉంటుంది" అన్నారు, అప్పటికీ మర్యాదగానే. మజ్జిగ గ్లాసు నేనే తీసుకెళ్ళి తొట్టి దగ్గర పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత చాలా గడపలెక్కాను. కొందరు కులం దగ్గర ఆగారు, కొందరు పాస్‌పోర్టు దగ్గర. విదేశీ మనిషిని పెట్టుకుంటే పోలీసులు ఇంటికొస్తారట, వీధిలో పరువు పోతుందట. ఒకాయన మాత్రం విదేశీయులకే ఇస్తానని బోర్డు పెట్టాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఆయన నా వెనక్కి, గేటు బయటికి, రోడ్డు మీదికి చూసి, "ఫారినర్ వస్తుండని చెప్పిన్రు గద, ఏడున్నడు?" అన్నాడు. నేనేనండీ అన్నాను. పాపం ఆయన ముఖం చూడాలి. తెల్లవాళ్ళ కోసమని లక్షణంగా స్నానాలగదిలో తొట్టి కట్టించుకున్న మనిషికి, చివరికి దొరికింది మా మామ్మ పోలికలతో నల్లగా, జిడ్డుజిడ్డుగా జడ వేసుకున్న నేను. "వేరే పార్టీ మాట్లాడిన్రమ్మా" అని గేటు వేశాడు. తెలుగువాళ్ళకి నేను పరదేశీని, పరదేశీలు కావాలన్నవాళ్ళకి నేను తెలుగుదాన్ని. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ రోజు ఎండలో కొండాపూర్ దాకా నడుస్తూ ఏడ్చాను. అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను. పరాయి భాషలో కాదంటే ఓర్చుకోవచ్చు. నా భాషలో కాదన్నారు.

ఆ నడకలోనే కొండాపూర్ పాత ఊళ్ళో బాలమణి గారి ఇల్లు కనబడింది. కింద వాళ్ళు, పైన కొత్తగా వేసిన రెండు గదులు, పక్కనుంచి మెట్లు. గోడ మీద సున్నంతో కిరాయికి అని రాసుంది. ఆవిడ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. నుదుట రూపాయంత బొట్టు, మోచేతి దాకా పచ్చబొట్లు. భూములమ్ముకోగా మిగిలిన దాంతో పై గదులు కట్టించుకున్నారని తర్వాత తెలిసింది. నన్ను పైకీ కిందికీ చూసి, "ఒక్కదానివే వచ్చినవా?" అంది. అవునన్నాను. "ఆడిపోరి ఒక్కతే వచ్చి ఇల్లడుగుతే ఎవలిస్తరు బిడ్డా? మీ పెద్దోళ్ళను తోల్కరా పో, మాట్లాడుదం" అని మళ్ళీ చింతపండు మీదికి వంగింది. ఆవిడ కాదనలేదు. మిగతావాళ్ళందరికన్నా అదే నయం. కానీ పెద్దవాళ్ళని ఎక్కణ్ణుంచి తేను? నా పెద్దవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు.

గెస్ట్‌హౌస్‌లో వంట చేసే ఆయన పేరు ఓబులేసు. నంద్యాల దగ్గర పల్లె. యాభై దాటి ఉంటాయి, సన్నగా, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ ఎర్ర తువ్వాలు. పొద్దున్నే ఆయన ఉగ్గాని చేస్తే, నానిన మరమరాల మీద పుట్నాలపొడి, పచ్చిమిరప తాలింపు వాసన మేడ దాకా వచ్చేది. నా మాటకి నవ్వని మనిషి ఆయనొక్కడే. ఆయన మాటకీ ఆఫీసు పిల్లలు నవ్వేవారు, బహుశా అందుకేనేమో. ఆ సాయంత్రం నేను అన్నం కెలికి వదిలేస్తే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, తినకుండా పెట్టినావు? ఉప్పు ఎక్కువైందా?"

జరిగిందంతా చెప్పాను. ఇంకెవరికీ చెప్పుకోలేదు కాబట్టి ఆయనకి కొంచెం ఎక్కువే చెప్పాను. ఎర్ర తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఆయమ్మ అడిగింది న్యాయమే కదా. మా బిడ్డయినా ఒంటిగా పోతే ఎవురిస్తారు? పెద్దోడే కదా కావాల్సింది. రేపు మధ్యాన్నం వంటయినాక నేనొస్తా పా."

"మీరా? మీరొచ్చి ఏటని చెప్తారు?"

"మా అన్న కూతురని చెప్తా. నన్ను చిన్నాయనా అని పిల్చు, అంతే. ఇంకేం మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడితే చెడిపోతాది."

మర్నాడు ఆయన్ని చూసి గుర్తుపట్టలేదు. గడ్డం గీసుకుని, నీలం పెట్టిన తెల్ల చొక్కా, అంచు పంచె. ఎర్ర తువ్వాలు స్థానంలో భుజమ్మీద మడతపెట్టిన కండువా. దారిలో పెళ్ళికి సంబంధం మాట్లాడ్డానికి పోతున్న పెద్దమనిషి లాగా ముందు నడిచాడు. బాలమణి గారు మంచం వాల్చింది. ఆవిడ భర్త సాయిలు బీడీ ఆర్పేసి వచ్చి కూర్చున్నాడు. నన్నెవరూ కూర్చోమనలేదు. నేను మెట్ల పక్కన నిలబడ్డాను. ముందు వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత శనగ ధర. నంద్యాల వైపు నీళ్ళెలా ఉన్నాయి. ఇల్లు అన్న మాటే రావడం లేదు. అప్పుడు బాలమణి గారు, "మరి ఈ పిల్ల గంత దూరం దేశం నుంచి ఎట్లొచ్చిందన్నా?" అంది.

"మా అబ్బకు తమ్ముడొకాయన ఉండె అక్కా," అన్నాడు ఓబులేసు. తాతని వాళ్ళు అబ్బ అంటారు. "ఇంట్లో కొట్లాడి ఓడెక్కి పోయినాడు. మళ్ళ రాలేదు. ఆయన మనవడి బిడ్డ ఈ పాప. ఇన్నాళ్ళకు మమ్మల్ని ఎతుక్కుంటా వచ్చింది."

"మరి మాట గట్లుంది? మీ తీరుగ లేదు."

"ఆడంతా శ్రీకాకుళమోళ్ళేనంట. వాళ్ళ మధ్యన పుట్టి వాళ్ళ మాట పట్టింది."

సాయిలు ఇంటిపేరు అడిగాడు. ఓబులేసు తన ఇంటిపేరు చెప్పాడు. మీరేమోళ్ళు అని అడిగాడు. ఓబులేసు తన కులం చెప్పాడు. సాయిలు తలాడించి మళ్ళీ శనగ దగ్గరికి వెళ్ళిపోయాడు. వారాల తరబడి నేను ఎన్ని గడపల్లో ఆ ప్రశ్నకి తల దించుకున్నానో, ఆ రెండు మాటలతో తేలిపోయింది. నాకు కోపం రావాల్సిందే. నన్ను చూసి ఇవ్వని ఇల్లు ఆ మాటల్ని చూసి ఇచ్చారు కదా. అప్పుడు రాలేదు, తర్వాత తీరిగ్గా వచ్చింది. అప్పుడు నాకు తోచినదల్లా, ఆ మనిషి తన తండ్రి తాతల పేరు నాకు కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చినంత సులువుగా ఇచ్చేశాడే అని. బాలమణి గారు చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు ఆయనకి, తర్వాత నాకు ఇచ్చింది. "పెద్దమ్మా అని పిలువు," అంది నాతో. "కిరాయికిచ్చినోళ్ళను మేడం గీడం అనకు, నాకు నచ్చది." విదేశీ మనిషినని పోలీసులకి చెప్పాలంటే, సాయిలు తనే చొక్కా తొడుక్కుని నాతో స్టేషనుకి వచ్చాడు. అక్కడ పోలీసు తెలుగులోనే అదిలించాడు.

గెస్ట్‌హౌస్ మూసేశాక ఓబులేసు మూసాపేటలో ఒక మెస్సులో చేరాడు. బాలమణి గారితో మాత్రం మెస్సు తనదేనని చెప్పాడు. ఆదివారాలు తప్పకుండా వస్తానన్నాడు, "రాకుంటే అనుమానపడతారు" అని. అలా మొదలైంది. మధ్యాహ్నం వంట దింపి, రెండు బస్సులు మారి, కాగితం పొట్లంలో చెనక్కాయలో, స్టీలు క్యారియరులో ఉగ్గానో పట్టుకుని వచ్చేవాడు. ముందు సాయిలుతో వేపచెట్టు నీడన కూర్చునేవాడు. తర్వాత నన్ను కిందికి పిలిచి వాళ్ళ ముందే మందలించేవాడు. ఏం చిక్కిపోయినావు, రాత్రి ఎన్నింటికొచ్చినావు, మీ నాయనకు ఫోను చేసినావా లేదా. మొదట్లో అది నాటకమే, నాకూ నవ్వొచ్చేది. ఆయన కళ్ళలోనూ నవ్వుండేది. ఏ ఆదివారం నుంచి ఆ నవ్వు పోయిందో నేను గమనించలేదు. ఒకసారి జ్వరమొచ్చి పైనే పడుకుంటే, పెద్దమ్మ వాళ్ళెవరూ ఇంట్లో లేరు, చూసేవాళ్ళు లేరు, అయినా ఆయన మెట్ల మీద నుంచే కోపంగా అరుస్తూ వచ్చాడు, వాన్లో తడిస్తే జ్వరం రాకేమవుతాదని.

ఇంటి సంగతి చెప్పలేదు. పొద్దున పెద్దమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లిన మట్టి వాసనతో మెలకువొచ్చేది. సాయంత్రం జొన్నరొట్టె చేత్తో తట్టే చప్పుడు కింద నుంచి వినపడేది. నేను చిన్నప్పుడు ఊహించుకున్నట్టే కిటికీ తెరుచుకుని వీధి మాటలు వినేదాన్ని. మేకల కాపరి మేకల్ని తిట్టేవాడు, కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవారు, కల్లు తాగొచ్చిన ఒకాయన ఎవరినీ ఉద్దేశించకుండా తిట్టేవాడు. ఆ తిట్లలో సగం నాకు అర్థమయ్యేవి కావు. అయినా ఎంత సంతోషపడ్డానో. సంతోషంగా ఉంటే ఒంటరితనం పోతుందనుకుంటాం గానీ అలా ఏమీ జరగదు. అందరూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతారు ఆ వీధిలో. అత్త, బావ, మరదలు, వియ్యపురాలు. నాకున్నది అరువు తెచ్చుకున్న ఒక్క చిన్నాయన. అది బయటపడితే ఇల్లే కాదు, ఈ కిటికీ, ఈ వీధి అన్నీ పోతాయని లోపల ఒక బెదురు ఎప్పుడూ ఉండేది.

బయటపడే ఘడియ ఒకసారి రానే వచ్చింది. బోనాలకి పెద్దమ్మ మా ఇద్దరినీ భోజనానికి పిలిచింది. ఆవిడ కూతురు, అల్లుడు, చుట్టాలు, ఇల్లంతా జనం. విస్తళ్ళు వేశారు. అందరూ కూర్చున్నారు, ఓబులేసు కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే కూర గిన్నె తీసుకుని వరసన వడ్డించాడు. వడ్డించి, గోడ వారగా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, ఎవరికేం కావాలోనని విస్తళ్ళ వంక చూస్తూ. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని కదా, అతిథిగా వచ్చిన పండగపూట కూడా కాళ్ళు అక్కడికే తీసుకెళ్ళాయి. కంగారులో నేను ఇంకా చెడగొట్టాను. "ఓబులేసు గారూ, మీరు కూర్చోండి" అన్నాను. చిన్నాయనని పేరు పెట్టి పిలిచే పిల్ల ఎక్కడుంటుంది?

పెద్దమ్మ నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "కూసో అన్నా," అంది. "మెస్సు నడిపేటోనివి నువ్వు నిలబడుడేంది? నీకు నేనేస్త." ఆయన తలొంచుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన విస్తట్లో ఆవిడ అందరికన్నా ఎక్కువ అన్నం పెట్టింది. ఆ రోజు ఆవిడ ఇంకేమీ అడగలేదు. నేను కొన్నాళ్ళు ఆవిడ కంటపడకుండా మెట్లెక్కాను, దిగాను.

ఇప్పుడు ఆ ఫ్లాటుని తలుచుకుని లెక్కేసుకుంటే ఒకటి తోస్తుంది. అప్పటి ఊరు మనిషిని గడపలో నిలబెట్టి నువ్వెవరి మనిషివని అడిగేది. జవాబు లేకపోతే పంపించేసేది. అది తప్పే, ఆ అవమానాన్ని నేను మరిచిపోను, మంచిరోజులని ఎవరైనా అంటే ఒప్పుకోను కూడా. ఇప్పటి ఊరు ఏమీ అడగదు, ఎవరికైనా తలుపు తీస్తుంది. మంచిదే. నాలాగే ఉద్యోగానికని వచ్చిన నా మేనకోడలు నల్లగండ్లలో ఉంటోంది, పక్క ఫ్లాటువాళ్ళ పేరు అడిగితే చెప్పలేకపోయింది, వాళ్ళొచ్చి మూడేళ్ళయిందట. నాకు ఈ రెంటిలో ఏది కావాలో తేల్చుకోలేను. పేరు కోసం అడగకూడదు, మనిషి కోసం అడగాలి. అలా అడిగే ఊరుంటే నాకింకా చూపించలేదెవరూ.

ఆ ఇంట్లో నా రెండో వేసవిలో వరసగా కొన్ని ఆదివారాలు ఓబులేసు రాలేదు. మెస్సుకి వెళ్తే ఊరికి పోయాడన్నారు, కడుపులో నొప్పట. ఇంకో వారానికి, ఒక మధ్యాహ్నం, గెస్ట్‌హౌస్ పాత మేనేజరు ఆఫీసుకి ఫోను చేసి చెప్పాడు, నంద్యాల దవాఖానలో పోయాడని, నిన్ననే అంతా అయిపోయిందని. ఫోను పెట్టేసి కొంతసేపు పని చేశాను కూడా. తర్వాత చెయ్యాడలేదు. పక్కనున్న అమ్మాయి ఏమైందండీ అంది. మా గెస్ట్‌హౌస్ వంటాయన పోయారన్నాను. అయ్యో అని, కొంచెం ఆగి, తెర వైపు తిరిగిపోయింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. వంటాయనకి ఎంత విచారించాలో అంతే విచారించింది. నేను సంచి తీసుకుని లేచి, ఎండలో నడుచుకుంటూ కొండాపూర్ వచ్చేశాను.

పెద్దమ్మ వాకిట్లో ఉంది. నా ముఖం చూడగానే లేచింది. "ఏమైంది బిడ్డా?"

"చిన్నాయన చచ్చిపోయాడు పెద్దమ్మా," అన్నాను. నాటకం గుర్తు రాలేదు, నోటికి వచ్చిన పేరు అదే.

ఆవిడ ముందు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత గబగబా పని మొదలుపెట్టింది. "ఆగు, మెట్లెక్కకు. ఏం ముట్టకు, లోపలికి పోకు. మీ ఇంటోడు పోయిండు, నీకు మైల ఉంటది. ఇంట్ల పెద్దదిక్కు లేకపాయె, నేనన్న చెప్పకుంటే ఎట్ల" అని సాయిల్ని కట్టెలు తెమ్మని కేకేసింది. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలిగించి పెద్ద గంజు నిండా నీళ్ళు పెట్టింది. నేను గోడనానుకుని నిలబడ్డాను. ఏడుపు ఆగడం లేదు. ఆ ఏడుపులోనే ఇంకొకటి మొదలైంది. నంద్యాల దగ్గర ఆ పల్లెలో ఆయనకి భార్య ఉంది, ఇద్దరు కూతుళ్ళున్నారు. నిన్న తలస్నానం చేసి తడిబట్టలతో నిలబడ్డది వాళ్ళు. ఆ మైల వాళ్ళది. ఆయన బతికుండగా ఇచ్చిన పేరు వాడుకున్నాను, సరే. చచ్చిపోయాక కూడా ఆయన పిల్లలది కాజెయ్యలేను. చెప్తే ఇల్లు పోతుందని తెలుసు. ఆ క్షణంలో ఇల్లు పోతే పోనీ అనిపించింది.

"పెద్దమ్మా, నాకు మైల లేదు," అన్నాను. "ఆయన నాకేటీ కాడు. గెస్ట్‌హౌస్‌లో వంట చేసేవాడు. ఇల్లు దొరక్క ఏడుస్తుంటే నాకోసం అబద్ధం చెప్పాడు. ఆ ఇంటిపేరు నాది కాదు, ఆ కులం నాది కాదు. నాదేదో నాకు తెలియదు."

సాయిలు కట్టెల మోపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెద్దమ్మ వెనక్కి తిరక్కుండా పొయ్యిలోకి ఒక కట్టె ఎగదోసింది. పొగ ఆవిడ కళ్ళలోకి కొట్టింది. మోచేత్తో తుడుచుకుంది.

"నీకేం గాడా?"

"కాడు."

"మరి గీ ఏడుపేంది?"

చెప్పబోతే మళ్ళీ ఏడుపే వచ్చింది. ఆవిడ నీళ్ళలో వేలు ముంచి చూసింది. కొంగు నడుముకి దోపుకుంది. సాయిలు చేతిలో కట్టెలు తనే తీసి కిందపెట్టి, ఆయన్ని అటు పొమ్మని చెయ్యూపింది.

"ఏం గానోని కోసం ఎవ్వలు గిట్ల ఏడ్వరు బిడ్డా. నీళ్ళు కాగినయ్. రా, గీ బండ మీద కూసో."

చెప్పులు విడిచి, వెళ్ళి బండ మీద కూర్చున్నాను. ఆవిడ నా జడ విప్పి, జుట్టు వీపు మీద పరిచి, చెంబు ముంచింది.

"మీ చిన్నాయనను తలుసుకో," అంటూ మొదటి చెంబు నా తల మీద పోసింది.